కీమోకి ముందు అడగాల్సిన ప్రశ్న

రూవి నుంచి ఒక చెల్లెలు రాసింది: "అక్కా, అత్తయ్యగారికి కడుపులో కాన్సర్ అన్నారు. విజయవాడలో బయాప్సీ అయింది. ఇక్కడికి తెచ్చుకుని వైద్యం చేయిద్దామనుకుంటున్నాం. కీమో ఆవిడకి పనిచేస్తుందో లేదో ముందే చెప్పే పరీక్ష ఉందా?"

ఒమన్‌లో కడుపు కాన్సర్ అరుదేమీ కాదు కాబట్టి ఈ జవాబు అందరికీ రాస్తున్నాను.

మామూలు కీమో ఫలానా మనిషికి తప్పక పనిచేస్తుందని చెప్పే ఒక్క ప్రోటీన్ ఇంకా వాడుకలోకి రాలేదమ్మా. కానీ ఏ మందు కలపాలో, ఎక్కడ ఆగి ఆలోచించాలో చెప్పే ప్రోటీన్లు ఉన్నాయి.

మొదటిది హెర్‌2. రొమ్ము కాన్సర్ విషయంలో విన్న పేరే. ముక్కకి రంగు వేసి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. 3 వస్తే ఉన్నట్టే. 2 వస్తే జన్యు పరీక్ష కూడా చేయాలి. ముదిరిన జబ్బులో హెర్‌2 ఉన్నవాళ్లకి కీమోతోపాటు ట్రాస్టుజుమాబ్ ఇస్తే, సగంమంది దాటిన గడువు 11.1 నెలల నుంచి 13.8 నెలలకి పెరిగిందని 2010లో టోగా అధ్యయనం చూపింది. ఆ లాభం ఎక్కువో తక్కువో ఇంటివాళ్లే చెప్పాలి.

నీ ప్రశ్నకి దగ్గరగా వచ్చేది రెండో పరీక్ష. డీఎన్‌ఏలో తప్పుల్ని సరిదిద్దే నాలుగు ప్రోటీన్లు ఉంటాయి. అవి లోపించిన కణితులకి ఆపరేషన్‌కి ముందూ వెనకా ఇచ్చే కీమోతో లాభం కనబడలేదని బ్రిటన్‌లో జరిగిన మ్యాజిక్ అధ్యయనం నమూనాలను తిరిగి చూసినప్పుడు తేలింది. అలాంటివాళ్లు కొద్దిమందే. వాళ్లకి ఇమ్యూనోథెరపీ బాగా పనిచేసే అవకాశం ఉంది.

ముదిరిన జబ్బయితే పీడీఎల్‌1, క్లాడిన్ 18.2 కూడా చూడమని అడగండి.

ఇక సామాను సంగతి. రిపోర్టు కాగితం ఒక్కటే తేవద్దు. విజయవాడ ల్యాబ్‌లో అడిగి మైనపు బ్లాకునీ స్లైడ్లనీ తెప్పించుకోండి. పరీక్షలన్నీ ఆ బ్లాకు మీదే చేస్తారు. అది లేకపోతే పెద్దావిడకి మళ్లీ ఎండోస్కోపీ తప్పకపోవచ్చు. మస్కట్ ఎండలో కారులో మాత్రం వదిలేయకండి, అది మైనం.

రాయల్ హాస్పిటల్‌లోని కాన్సర్ కేంద్రానికి వెళ్లినా, సుల్తాన్ ఖబూస్ కాన్సర్ కేంద్రానికి వెళ్లినా, మొదటి కీమోకి ముందే డాక్టరుగారిని అడుగు: "హెర్‌2, ఆ నాలుగు ప్రోటీన్లు చూశారా? ఫలితం వచ్చేదాకా ఆగవచ్చా, ఆగితే నష్టమా?" ఆగకూడదంటే ఆగవద్దు. కీమో మొదలుపెట్టాక కూడా ఫలితాన్నిబట్టి మందు కలపవచ్చు.