పొట్టి స్ప్రింగుల కారు

పిల్లలూ! ఈ నెల నాచారం నుంచి ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు ఇలా రాశాడు:

"సార్, మా చిన్నాయన కారు కొన్నాడు. అది రోడ్డును బట్టి తన షాకబ్జార్బర్లను తానే మెత్తగానూ, గట్టిగానూ మార్చుకుంటుంది. దాన్ని నేలకు దగ్గరగా కూచోబెట్టాలని పొట్టి స్ప్రింగులు తెప్పించాడు. మా నాయనమ్మకు నిరుడు వెన్నుకు ఆపరేషను అయింది. కారు కుదిపేస్తుందని ఆమెకు భయం. చిన్నాయనేమో 'లోపల కంప్యూటరు ఉన్నది, అదే సర్దుకుంటుంది' అంటాడు. ఎవరి మాట నిజం?"

జవాబుకు ముందు మీరొక పని చెయ్యండి. పొడుగాటి రబ్బరు బాండును తెంపి, ఒక కొసకు తాళంకప్ప కట్టి వేలాడదియ్యండి. ఎంత సాగిందో స్కేలుతో కొలవండి. తరవాత అదే రబ్బరును సరిగ్గా మధ్యలో పట్టుకుని కొలవండి. ఈసారి సగమే సాగుతుంది. తాళం అదే, రబ్బరూ అదే. పొట్టిది కావటంతో బిర్రుగా అయింది. స్ప్రింగు కూడా ఇంతే. అందుకే స్ప్రింగును రంపంతో కోసి కారును దించేవాళ్లు, తమకు తెలియకుండానే దాన్ని బిర్రుగా కూడా చేస్తున్నారన్నమాట. ఎంత బరువు వేస్తే అంత సాగుతుందనే లెక్కను రాబర్ట్ హుక్ అనే ఆంగ్లేయుడు 1678లో ప్రకటించాడు.

స్ప్రింగు కారు బరువును మోస్తుంది. కాని దానికి ఆగటం తెలియదు. ఒకసారి నొక్కి వదిలితే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకబ్జార్బరు. ఒక గొట్టంలో నూనె, నూనెలో సన్నని రంధ్రాలున్న పిస్టను. చక్రం ఎగిరినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల గుండా బలవంతాన దూరి వేడెక్కుతుంది. ఊపులోని శక్తి అలా వేడిగా మారిపోతుంది. (మన ఉప్పల్ రోడ్డున 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ పేరు విన్నారు గదా! భూకంపాలు కొలిచే యంత్రాలలో కూడా బరువు, స్ప్రింగు, ఊపును అణిచే ఏర్పాటు ఉంటాయి.)

చిన్నాయన కారులో ఆ నూనె దారిని కరెంటుతో పనిచేసే కవాటం తెరుస్తుంది, మూస్తుంది. కొన్ని కార్లలో కవాటానికి బదులు ఇనుపరజను కలిపిన నూనె ఉంటుంది. అయస్కాంతం తగలగానే అది చిక్కబడుతుంది. 2002లో అమెరికాలో కాడిలాక్ సెవిల్ కారులో ఇది మొదట వచ్చింది. ఏ రకమైనా ఒక సంగతి గుర్తుంచుకోవాలి: కంప్యూటరు మార్చగలిగేది నూనె దారినే. ఇనుప స్ప్రింగును అది అంగుళమైనా సాగదియ్యలేదు, మెత్తపరచలేదు. గాలితిత్తుల మీద నడిచే ఖరీదైన కార్ల సంగతి వేరు.

ఇంకొకటున్నది. చక్రం దగ్గర చిన్న మీట ఒకటి, చక్రానికీ కారు ఒంటికీ మధ్య ఎంత ఎడం ఉన్నదో కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. కారును మూడు సెంటీమీటర్లు దించితే, ఖాళీ కారు కూడా బరువెక్కిన కారులాగే దానికి తోస్తుంది. ముల్లు సున్నా మీద నిలవని తరాజుతో బియ్యం తూచినట్టే గదా! మళ్లీ సున్నా సరిచేయించాలి.

ఉత్తరం చదివాక ఊరుకోలేక, ఆదివారం కారుతో సహా కీసరకు రమ్మన్నాను. స్ప్రింగులు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. మా వాకిట్లో కుర్రవాడే టేపు పట్టాడు. ఖాళీ కారు పొట్ట నేలకు 14 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. అయిదుగురం ఎక్కితే 11కు దిగింది.

"పొట్టి స్ప్రింగుతో మూడు దిగుతుంది, మనుషులతో ఇంకో మూడు. ఎనిమిదే మిగులుతుంది!" అన్నాడు కుర్రవాడు.

"కాదురా! కొత్తది బిర్రు. మనుషులెక్కితే అంత దిగదు" అన్నాడు చిన్నాయన. నిజమే, నాకు ముచ్చట వేసింది. డబ్బా మీద రాసినట్టు నూటికి ముప్పైవంతులు బిర్రు అనుకుంటే 2.3 దిగుతుంది. మిగిలేది 8.7.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. అయినా దాని వెడల్పు 3.7 మీటర్లు కనక ముందు వెనుక చక్రాలు రెండూ దాని మీదనే ఉంటాయి. మధ్యలో పొట్ట కిందికి వచ్చే గడ్డ అయిదారు సెంటీమీటర్లే. తగలదు. సన్నగా గోడలా పోసినవి అలా కాదు. చక్రాలు అటూ ఇటూ నేల మీద ఉండగా పది సెంటీమీటర్లూ పొట్ట కిందికే వస్తాయి. అటువంటివి మా వీధిలోనే రెండున్నాయి. ఎవరు పోశారో!

చిన్నాయన కోరిక ఉత్త షోకు మాత్రం కాదు. కారు కిందికి దిగితే మలుపుల్లో ఒరగటం తగ్గుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద అది హాయిగానే ఉంటుంది. కాని నాయనమ్మ వెళ్లేది ఔటర్ మీద కాదు, నాచారం గల్లీల గుండా ఆసుపత్రికి. గట్టి స్ప్రింగు వేశాక, మెత్తదనం కోసం నొక్కే మీట పాత మెత్తదనాన్ని ఇవ్వలేదు. పైగా చక్రం పైకి లేవటానికి చోటు తగ్గి, పెద్ద గుంతలో లోపలి రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ తిన్నగా సీటులోని వెన్నుకే.

"అయినా వేయిస్తేనో, సార్?" అన్నాడతను.

సరిగ్గా ఆ మోడలుకు, ఆ రకం షాకబ్జార్బరుకు చేసినవేనా అని చూడమన్నాను. పాతవి దాచిపెట్టి, చక్రాల అలైన్‌మెంటు, మీటల సున్నా, హెడ్‌లైట్ల వాలు సరిచేయించమన్నాను. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చటానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు వస్తుంది గనక, ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వారినీ ముందే రాతపూర్వకంగా అడగమన్నాను.

నాయనమ్మ ఇదంతా విన్నది. "గుట్ట మీదికి పోదాం పాండి, ఎండెక్కుతున్నది" అన్నది. చిన్నాయన మెత్తని మీట నొక్కి, మా వీధి గడ్డల మీదుగా మెల్లగా పోనిచ్చాడు. డబ్బా వెనక డిక్కీలోనే ఉన్నది. దాన్ని ఏం చేశారో రాస్తానన్నాడు కుర్రవాడు. ఉత్తరం వస్తే మీకూ చెబుతాను.