మనవాళ్లకి ఇల్లిస్తే కాగితమెందుకు?

"మా పిన్ని కొడుకే కదా, వాడితో అగ్రిమెంటేంటి?" అని మా ఆయన అన్నప్పుడు నేనూ తలూపాను. ఆ తలూపుడికి మూడేళ్లు మథనపడ్డాను.

బుచ్చిలో మా ఇల్లు బ్యాంకు అప్పుతో కట్టుకున్నదే. స్లాబు పడేసరికి నా గాజులు కూడా అందులోకే పోయాయి. గృహప్రవేశమైన ఏడాదికి ఆయనకి కువైట్‌లో పని దొరికింది, పిల్లలతో నేనూ వెళ్లాను. తాళం వేసి ఇల్లు పాడుపెట్టడమెందుకని ఆ మరిదికే ఇచ్చాం. బయటివాళ్లైతే 8 వేలిస్తారు, మనవాళ్లని 5 వేలనుకున్నాం. బ్యాంకు వాయిదా 14 వేలు.

ఆరు నెలలు ఠంచనుగా వేశారు. తర్వాత పిల్లాడి ఫీజు. ఆ తర్వాత వానకి వరి పడిపోయింది. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేశారు. మోటారు కాలిపోతే మాత్రం, "మీ ఇల్లే కదా వదినా" అని బిల్లు మాకే పంపారు.

అడగాల్సింది ఎవరు? తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని ఆయన అడగరు. "వాళ్లావిడతో మాటల్లో మాటగా నువ్వను" అంటారు. అంటే నేను గయ్యాళిని, అనకపోతే వాయిదాకి తడుముకునేదీ నేనే. మన ఇళ్లలో మగవాళ్లు మొహమాటపడితే దాని ఖరీదు ఆడవాళ్లు కడతారు.

బంధువులకి ఇల్లివ్వొద్దని నేననను. కాగితం లేకుండా ఇవ్వొద్దంటాను.

ముందు, తనఖాలో ఉన్న ఇల్లు పూర్తిగా మన చేతిలో ఉండదు. దస్తావేజులు బ్యాంకులో ఉంటాయి. అద్దెకిచ్చే ముందు బ్యాంకుని అడగాలని చాలా రుణ పత్రాల్లో ఉంటుంది. మనం చదవకుండా సంతకాలు పెట్టేస్తాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షన్ ఏమంటుందో తెలుసా? తనఖా పత్రంలో వేరేగా రాసుకోకపోతే, అలాంటి ఇంటిని మూడేళ్లకి మించి లీజుకివ్వకూడదు, న్యాయంగా రాగల మంచి అద్దెకే ఇవ్వాలి. మనం మొహమాటానికి తగ్గించేదాన్ని చట్టం ఒప్పుకోదన్నమాట!

రెండోది పన్ను. విదేశంలో ఉండేవాళ్లకి అద్దె కట్టేవాళ్లు, అద్దె చిన్నదైనా, పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఈ సంగతి వాళ్లకీ తెలీదు, మాకూ తెలీదు. అద్దెని ఎన్నారై వాళ్లు తమ ఎన్ఆర్ఓ ఖాతాలో వేయించుకోవచ్చని కూడా తర్వాతే తెలిసింది.

మూడోది, "12 ఏళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుంది" అని ఇరుగుపొరుగు పెట్టే భయం. మన అనుమతితో ఉన్నవాళ్లకి అలా హక్కు రాదు. కానీ అనుమతితోనే ఉన్నారని రేపు చూపించేది కాగితమే. చాలామంది 11 నెలలకి రాసుకుంటారు.

పోయిన వేసవిలో సెలవుకొచ్చి నలుగురం కూర్చున్నాం. పాత బాకీ ఎంతో లెక్కేసి, "ఇది పిల్లాడి చదువుకి మా సాయం" అని గట్టిగా చెప్పి కొట్టేశాం. బ్యాంకులో చెప్పి, కొత్తగా 11 నెలలకి రాసుకున్నాం. అద్దె ఎంత, ఏ తేదీకి, చిన్న రిపేర్లెవరివి, పెద్దవెవరివి, ఖాళీ చెయ్యాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అన్నీ అందులో ఉన్నాయి.

సంతకాలయ్యాక తోటికోడలు వంటింట్లోకొచ్చి మెల్లిగా అంది: "ఇది మొదట్లోనే రాసుంటే బాగుండేదక్కా. ఎంత బాకీనో తెలీక నీ ఫోనొస్తే ఎత్తాలంటేనే సిగ్గేసేది."

మూడేళ్లూ సిగ్గుపడింది నేనొక్కదాన్నే అనుకున్నాను. సాయం చెయ్యాలనుంటే సాయమని చెప్పి చెయ్యండి, అద్దెైతే అద్దెని రాసుకోండి. రెండూ కలిపితే డబ్బూ మిగలదు, చుట్టరికమూ మిగలదు.