నీళ్లుంటే చాలదు, మంట దాకా పోవాల

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మన కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర బస్సు ఎంత తొందరగా బూడిదైందో అందరికీ తెలుసు. నిప్పు ఎవరి కోసమూ ఆగదు. మన గడ్డివాములూ అంతే. వామి కాలిందంటే ఎండాకాలంలో ఎద్దులు సంతకు పోవాల్సిందే. 101కు ఫోన్ చేయండి. మరి బండి వచ్చేలోగా?

బిందెలతో చల్లితే నీళ్లు వామి మొదట్లోనే పడతాయి. మందు కొట్టే పంపు తుంపర గాలికే పోతుంది. ఫైరింజను గొట్టం మూతి చూడండి. లోపల నున్నగా, కొసకు పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. అందుకే నీళ్లు చెదరకుండా కడ్డీలా దూరం పోతాయి. రంధ్రం మరీ పెద్దదైతే ఒత్తిడి నిలవదు, మరీ చిన్నదైతే నీళ్లు చాలవు. ఇంజను బలాన్ని బట్టి మూతి ఉండాల.

తొట్టి నీళ్లలో కాస్త సబ్బుపొడి కలిపితే గడ్డి లోపలికి ఇంకుతాయి. దగ్గర నుంచి ధార కొట్టొద్దు, నిప్పు ఎగిరి పక్క వామి మీద పడుతుంది. తీగలు తెగి పడితే ముందు కరెంటు ఆపించాల, అంతదాకా నీళ్లు కొట్టొద్దు.

కరెంటు ఆపితే బోరు మోటారూ ఆగిపోతుంది. కాబట్టి ప్రతి పంచాయతీ ఒక ఆయిలింజను, పొడుగాటి పైపు, ఇట్లాంటి మూతి సిద్ధంగా ఉంచాల. వాటిని వాడటం నలుగురు కుర్రాళ్లకు నేర్పాల. దీనికయ్యే ఖర్చు ఊరికి భారం కాదు. వచ్చే గ్రామసభలో మీరే లేచి అడగండి.