కాగితం మీద పాట

"వాళ్ళది కాగితం చూసి వాయించే సంగీతం, మనది గుండెల్లోంచి వచ్చేది." పాశ్చాత్య సంగీతం ప్రస్తావన వస్తే చాలు, మనవాళ్ళలో ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. అసలా కాగితం ఎందుకొచ్చిందో చూస్తే వాళ్ళ కష్టమూ మన కష్టమూ ఒకటేనని తెలుస్తుంది.

వెయ్యేళ్ళ క్రితం యూరప్ చర్చిల్లో పాడే గ్రెగోరియన్ చాంట్ కూడా గురుముఖతః నేర్చుకోవలసిందే. అందరూ కలిసి ఒకే వరసలో పాడే లాటిన్ ప్రార్థనలవి. కొన్ని వేలు, అన్నీ కంఠతా రావాలి. తొమ్మిదో శతాబ్దం నుంచి సాహిత్యం పైన న్యూమ్స్ అనే గుర్తులు పెట్టేవారు. గొంతు పైకి వెళ్ళాలా, కిందికి దిగాలా అన్నది చెప్పేవి గానీ ఎంత అన్నది సరిగ్గా చెప్పేవి కావు. అంటే పాట ముందే వచ్చినవాడికే ఉపయోగం. కోడ్ రాసినవాడికి మాత్రమే అర్థమయ్యే కామెంట్లన్నమాట :)

ఈ చిక్కు విప్పినవాడు గ్విడో అనే ఇటాలియన్ సన్యాసి. గీతకో స్వరం, గీతల మధ్య ఖాళీకో స్వరం కేటాయించాడు. ఇవాళ్టి ఐదు గీతల స్టాఫ్‌కి మూలం అదే. ఇంకో కిటుకు కూడా కనిపెట్టాడు. సెయింట్ జాన్ మీద ఉన్న ఒక లాటిన్ పాటలో ఒక్కో పాదం ఒక్కో మెట్టు పైనుంచి మొదలవుతుంది. ఆ పాదాల మొదటి అక్షరాలు ఊత్, రే, మీ, ఫా, సోల్, లా. ఊత్ తర్వాత్తర్వాత డో అయింది. మీ నుంచి ఫాకి మాత్రం అర మెట్టే, మిగతావన్నీ నిండు మెట్లు.

పదేళ్ళు పట్టే చదువు ఏడాదిలో, మహా అయితే రెండేళ్ళలో అయిపోతుందని ఆయనే రాసుకున్నాడు. దానికి బహుమానం? పొంపోసా మఠంలో తోటివాళ్ళ అసూయ. ఆ మఠం వదిలి అరెజ్జో చేరాడు. ఆ తర్వాత పోప్ 19వ జాన్ స్వయంగా రోమ్‌కి పిలిపించుకున్నాడనుకోండి. పదేళ్ళ విద్య ఏడాదిలో వచ్చేస్తే పెద్దవాళ్ళ పెద్దరికం ఏం కావాలి? డాక్యుమెంట్ రాయని సీనియర్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, వాళ్ళ బాధా ఇదే.

1200 ప్రాంతానికల్లా పారిస్‌లో పెరొటిన్ నాలుగు గొంతులు నాలుగు వరసల్లో పాడే పాటలు కట్టాడు. దీన్నే పాలిఫొనీ అంటారు. రాత లేకుండా అంత కట్టడం నిలబడేదంటే నేను నమ్మను.

నష్టం లేదా అంటే, ఉంది. కొన్ని పాత న్యూమ్స్‌లో ఇక్కడ త్వరగా, ఇక్కడ సాగదీసి అని సూచనలుండేవి. గీతల పద్ధతి వచ్చాక అవి చాలావరకు పోయాయి. గమకాల గురించి మనవాళ్ళ భయమూ ఇదే. కానీ దానికి మందు రాయడం మానేయడం కాదు, ఇంకా బాగా రాయడం. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు చేసింది అదే. సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగులో అచ్చువేసి, గమకాలకి విడిగా గుర్తులు పెట్టాడు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు ఎన్నో మనకి దక్కాయంటే ఆ పుస్తకం పుణ్యం చాలా ఉంది.

గురువు అక్కర్లేదని నేననడం లేదు. గురువు దొరకని ఊళ్ళో ఉన్న పిల్లకి కూడా పాట అందాలంటున్నాను. మీ అమ్మమ్మకి వచ్చిన మంగళహారతులు, పెళ్ళిపాటలు ఎన్ని రాసిపెట్టారు? స్వరం రాయడం రాకపోతే ఫోన్లో రికార్డు చేసినా చాలు. ఏమంటారు?