ఆట కూడా చదువే: కళ్యాణ కర్ణాటక అభివృద్ధి మండలికి బహిరంగ లేఖ

కళ్యాణ కర్ణాటక ప్రాంత అభివృద్ధి మండలి అధ్యక్షులకు, సభ్యులకు,
కలబురగి.



బీదర్ నుంచి బెంగళూరు దాదాపు 700 కిలోమీటర్లు. రాష్ట్రస్థాయి ఎంపికలు అక్కడ పెట్టినప్పుడల్లా ఔరాద్ తాలూకా అమ్మాయికి రాత్రంతా బస్సు ప్రయాణం. తోడు ఒక పెద్దమనిషి వెళ్ళాలి. ఇద్దరి చార్జీలు, పైగా ఆయన పోగొట్టుకునే కూలి. 400 మీటర్ల పరుగు నిమిషంలో తేలిపోతుంది. ఆ గీత దగ్గర నిలబడ్డాక అందరూ సమానమే. అక్కడిదాకా ఎవరు చేరగలరన్నదే నా ప్రశ్న.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. కోచ్ నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాద్ తీసుకురమ్మంటే తల్లిదండ్రుల దగ్గర బస్సు చార్జీకి డబ్బుల్లేవు. ఆయన పట్టు వదలకపోబట్టి దేశానికి పతకం వచ్చింది. పట్టించుకునే కోచ్ ప్రతి పల్లెకూ దొరకడు. అందుకే ఏర్పాటు ఉండాలి.

మీ మండలికి ఆధారమైన రాజ్యాంగంలోని 371-జె అధికరణం మా ప్రాంతానికి విద్య, వృత్తి శిక్షణ, ఉద్యోగాల్లో సమాన అవకాశం కోరుతుంది. దాని కిందే ఇక్కడి విద్యాసంస్థల్లో 70 శాతం, రాష్ట్రస్థాయి సంస్థల్లో 8 శాతం సీట్లు మా పిల్లలకు దక్కాయి. ఆ అధికరణంలో ఆట అన్న మాట లేదు, నిజమే. అమెరికాలో 1972 నాటి టైటిల్ నైన్ చట్టంలోనూ లేదు. విద్యలో ఆడామగా వివక్ష కూడదన్నారంతే. 1975 నిబంధనలు దాన్ని మైదానానికీ వర్తింపజేశాయి. చట్టం వచ్చేనాటికి అక్కడి హైస్కూలు ఆటల్లో అమ్మాయిలు సుమారు మూడు లక్షలు, ఇప్పుడు ముప్పై లక్షల పైమాటే. ఆడపిల్లలకు ఆటలంటే ఆసక్తి లేదనేవాళ్ళకు అంతకు మించిన జవాబు లేదు.

ఇక్కడా విద్యలో ఆటను కలుపుకోవాలంటూ మీకు నా విన్నపాలు మూడు. మొదటిది, ఎంపికల్లో ఒక విడత కలబురగిలోనో బీదర్ నెహ్రూ స్టేడియంలోనో జరిగేలా క్రీడాశాఖను ఒప్పించండి. కుదరకపోతే పిల్లకూ తోడు వెళ్ళేవారికీ చార్జీలు ముందే చేతికివ్వండి. బిల్లులు పెట్టి నెలల తరబడి ఎదురుచూసే స్తోమత వాళ్ళకు ఉండదు. రెండోది, రాష్ట్ర క్రీడా హాస్టళ్ళలో మా ఏడు జిల్లాల పిల్లలు ఎందరున్నారో బయటపెట్టి, 8 శాతానికి తగ్గితే భర్తీ చేయించండి.

ఇక మూడోది, దానికి ఖర్చు కూడా లేదు. మీ పనితీరుపై ఏటా శాసనసభకు నివేదిక వెళ్ళాలని అదే అధికరణం చెబుతోంది. తాలూకాల వారీగా ఎందరు అమ్మాయిలు, ఎందరు వికలాంగ పిల్లలు పోటీల్లో పాల్గొన్నారో అందులో చేర్చండి. ఔరాద్ ఎదుట సున్నా ఉంటే సున్నా అనే అచ్చువేయండి. మరుసటి ఏడు అది ఎందుకు మారలేదని మా ఎమ్మెల్యేలను అడగడానికి మాకు ఆ అంకె కావాలి.

ఇట్లు,
బీదర్‌లో ఉంటున్న ఒక తెలుగు పౌరుడు