బి పాజిటివ్ దొరకలేదట!

పార్వతీపురం, సాలూరు, పాలకొండ, బొబ్బిలి పట్టణాల్లోని యువతకు, రక్తం ఇవ్వకుండా వాళ్ళను ఆపే తల్లిదండ్రులకు కూడా ఈ విజ్ఞప్తి.

మొన్న మే నెలలో కొండమీది నుంచి ఒక గర్భిణిని డోలీలో దించారు. రోడ్డెక్కగానే 108 అందుకుంది. వేళకే ఆసుపత్రికి చేరింది, కాన్పూ అయింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. ఫ్రిజ్‌లో ఉన్నవి రెండే ప్యాకెట్లు, రెండూ ఏ పాజిటివ్. ఆమెది బి పాజిటివ్. భర్త "నాది తీసుకోండి బాబూ" అని చెయ్యి చాపాడు. బరువు చూస్తే 42 కిలోలు. 45 ఉంటేగానీ తీసుకోరు. పెద్దాసుపత్రికి తరలిస్తుంటే దారిలోనే పోయింది.

మన్యంలో బాలింత పోతే రోడ్డు లేక పోయిందనడం మనకు అలవాటు. ఈసారి రోడ్డుంది, అంబులెన్సు వచ్చింది, డాక్టరమ్మ పక్కనే ఉంది. లేనిదల్లా రక్తం. అదీ బి పాజిటివ్! మన బజారులో పదిమందిని నిలబెడితే ముగ్గురిది అదే గ్రూపు.

దాతల జాబితా నా దగ్గరే ఉంటుంది కనుక ఆ రాత్రి ఫోన్లు చేసిందీ నేనే. ఒకరు తిరుపతిలో ఉన్నారు, ఒకరికి వాళ్ళమ్మ వద్దంది, చాలామంది ఎత్తనే లేదు. అయినా ఆ వేళప్పుడు ఎవరొచ్చినా ఏం లాభం? సినిమాల్లోలా పక్క మంచంమీద పడుకోబెట్టి గొట్టం తగిలించరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలన్నీ అయ్యాకే ఎక్కిస్తారు. చిన్న ఆసుపత్రిలో ఉండేది నిల్వ కేంద్రం మాత్రమే, దానికి బ్లడ్ బ్యాంకు నుంచి ముందే రావాలి. కాన్పయ్యాక ధారగా పోయే రక్తం గంట రెండు గంటల్లో ప్రాణం తీస్తుంది. కాబట్టి ఆమెకు కావలసిన ప్యాకెట్టు ఆమె డోలీ ఎక్కకముందే ఫ్రిజ్‌లో ఉండాలి.

మరి మనం ఇవ్వడం లేదా? ఇస్తున్నాం, హీరోగారి పుట్టినరోజున, నాయకుడిగారి పుట్టినరోజున! ఆ రోజు టెంటు ముందు క్యూ, సెల్ఫీలు, అరటిపండ్లు. రక్తం నిల్వ ఉండేది 35 రోజులు, మహా అయితే 42. ఆగస్టులో పుట్టినరోజుకు ఇచ్చింది మే నెలకు అక్కరకు రాదు. ఏప్రిల్ వచ్చేసరికి కాలేజీలు మూస్తారు, శిబిరాలు ఆగిపోతాయి, ఎండల పేరు చెప్పి మిగిలినవాళ్ళూ తప్పుకుంటారు. కాన్పులకు వేసవి సెలవులుండవు కదా!

కొండమీది ఆడవాళ్ళలో రక్తహీనత ఎక్కువ, దానికి తోడు సికిల్ సెల్. పదకొండు గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న తల్లి అర లీటరు పోయినా తట్టుకుంటుంది. ఏడు గ్రాములున్న తల్లి తట్టుకోలేదు. సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023లో మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. మంచిదే. కార్డు చూపిస్తే రక్తం రాదు, ఎవరో ఒకరు ఇస్తేనే వస్తుంది.

డెబ్బై కిలోలుండి, రోజూ జిమ్ముకెళ్ళి కండలు ఫోటో తీసి పెట్టేవాళ్ళు సూదంటే భయమని నాతో అంటున్నారు. రక్తమిస్తే నీరసం వస్తుందట, పెళ్ళికి పనికిరారట! తీసేది 350 మిల్లీలీటర్లు, మహా అయితే 450. పది నిమిషాల పని. ఆ రోజంతా బరువులెత్తకుండా నీళ్ళు బాగా తాగితే చాలు. ఆ 42 కిలోల మనిషికి లేని భయం మీకెందుకు?

నేనడిగేది ఇది. పుట్టినరోజుకు కాదు, నెలకు ఇవ్వండి. పద్దెనిమిది నిండినవాళ్ళు, హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉన్నవాళ్ళు తలా ఒక నెల ఎంచుకోండి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఏప్రిల్, మే, జూన్ నెలలకు ముందు పేర్లు కావాలి. అభిమాన సంఘాలవారు పెద్ద శిబిరం ఒక్కటి మానేసి, అదే జనాన్ని పన్నెండు నెలలకు పంచండి. ఫ్లెక్సీ మీద మీ హీరో బొమ్మ ఎంత పెద్దది వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. పేరు, గ్రూపు, ఎంచుకున్న నెల చీటీ మీద రాసి దగ్గర్లోని బ్లడ్ బ్యాంకులో ఈ వారమే ఇవ్వండి. బి పాజిటివ్ వాళ్ళు "మాది మామూలు గ్రూపేగా, ఎవరో ఒకరు ఇస్తారులే" అనుకోకండి. ఆ రాత్రి అందరూ అనుకున్నది అదే.