నామినీ అనే భ్రమ

‘నామినీగా మీ పేరే రాశాం కదమ్మా, ఇంక భయమేంటి?’ అంటాడు ఇన్సూరెన్సు ఏజెంటు. ఆ మాట నమ్మి పాలసీ కాగితాన్ని బీరువాలో చీరల మడతల కింద దాచుకుంటాం. అందులో మనకున్న హక్కెంతో చదివి చూసుకున్నవాళ్ళం ఎందరం?

పాలసీ భర్తది. బతికున్నంత కాలం దాని మీద పెత్తనమూ అతనిదే. భార్యకి చెప్పకుండా నామినీని మార్చొచ్చు. పాలసీ మీద అప్పు తేవొచ్చు, సరెండర్ చేసి వచ్చినకాడికి తీసుకోవచ్చు, అప్పిచ్చినవాడి పేర రాసిచ్చేయొచ్చు. పెళ్ళికి ముందు తీసుకున్న పాలసీల్లో తల్లి పేరో తండ్రి పేరో అలాగే ఉండిపోయిన ఇళ్ళు ఎన్నని!

పోనీ, భార్య పేరే ఉందనుకుందాం. సర్బతీదేవి, ఉషాదేవి కేసులో 1983 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటి? నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, ఆ డబ్బు వారసులందరిదీ అని. ఆ కేసులో అత్తా కోడళ్ళే ఎదురెదురుగా నిలబడ్డారు. కొడుకు పోయిన తల్లికీ హక్కుండాలి, కాదనను. కానీ ఎవరికెంతో అతను బతికుండగా రాసిపెట్టకపోతే తన్నుకు చావాల్సింది ఆడవాళ్ళే. 2015లో బీమా చట్టం సవరించి, భార్యో పిల్లలో తల్లిదండ్రులో నామినీ అయితే సొమ్ము వాళ్ళదే అన్నారు. దాని అర్థం మీద కూడా హైకోర్టులు ఒకే మాట మీద లేవు. పైగా, మార్చని ఆ పాత పాలసీలో తల్లి పేరుంటే ఈ సవరణ భార్యకి ఒరగబెట్టేదేమిటి?

నిజంగా పనికొచ్చేది వేరే ఉంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, ఆరో సెక్షను. పెళ్ళైన మగవాడు తన ప్రాణం మీద తీసుకునే పాలసీలో ‘ఇది నా భార్యకి, పిల్లలకి’ అని రాయిస్తే అది వాళ్ళ పేర ట్రస్టు అయిపోతుంది. అతని ఆస్తి కింద లెక్కకు రాదు, అతని అప్పులవాళ్ళకి దొరకదు, అతని చేతిలోనూ ఉండదు. అప్పు ఎగ్గొట్టడానికే తీసిన పాలసీకి మాత్రం ఈ రక్షణ లేదు. అది న్యాయమే.

ఇదేమీ కొత్తగా వచ్చింది కాదు. ఈ సెక్షను హిందువులకీ ముస్లిములకీ వర్తిస్తుందని 1923లో సవరణ చేశారు. మద్రాసు రాష్ట్రంలోనైతే 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకే వర్తింపజేశారు. అంటే కోస్తా, రాయలసీమ ఆడవాళ్ళకి ఇది శతాబ్దం దాటిన హక్కు. మరి మన అమ్మమ్మలకి ఎవరు చెప్పారు? మనకెవరు చెబుతున్నారు?

ఎందుకు చెప్పరో మా ఇంటికొచ్చే ఏజెంటు దాచుకోకుండా అనేశాడు: ‘అలా రాస్తే అవసరానికి సార్ చేతికి డబ్బు రాదండీ.’ అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. భార్యాబిడ్డల కోసమే అని చెప్పి కట్టే ప్రీమియం నిజంగా భార్యాబిడ్డలదైపోతే సార్‌కి ఇబ్బంది! పదకొండో రోజున అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చుంటే ‘ఇది ఆయన సొమ్ము కాదు, నాది’ అని చట్టాన్ని చూపించి చెప్పగలిగే ఒక్క మాటని సార్ సౌకర్యం కోసం ముందే మన నోట్లోంచి లాగేస్తున్నారు.

ఈ చట్టాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. పేరుకి వివాహిత స్త్రీల ఆస్తి, కలం మాత్రం మొగుడి చేతిలో. ఆరో సెక్షను రాసింది మగవాడి పాలసీకే. ఉద్యోగం చేసుకుంటూ తన ప్రీమియం తానే కట్టుకునే స్త్రీ పిల్లల కోసం ఇలా ఒక్క వాక్యం రాయించి ట్రస్టు చేయలేదు. విడిగా ట్రస్టు పత్రం రాయించుకోవాలి. సంపాదించే ఆడది ఉంటుందని 1874లో ఊహకందలేదు సరే, ఇప్పటికీ అందలేదా?

ఇంకో చిక్కు. ఇది పాలసీ తీసుకునేటప్పుడే రాయించాలి, తర్వాత గుర్తొచ్చి చేర్చేది కాదు. కాబట్టి ప్రతి దరఖాస్తులోనూ ఈ ప్రశ్న అచ్చయి ఉండాలి, వద్దనుకునే మగవాడు వద్దని రాసి భార్య ఎదుట సంతకం పెట్టాలి. ట్రస్టీ గడి దగ్గర ‘మా తమ్ముడి పేరు రాయండి’ అంటాడేమో చూసుకోండి. భార్యే ట్రస్టీగా ఉండొచ్చు.